ఒక్క మెతుకు చాలదు

దూబగుంట పేరు చెబితే ఇప్పటికీ మా నెల్లూరు జిల్లా ఆడవాళ్ళ నడుం కాస్త నిటారవుతుంది. 1992లో అక్షరాలు దిద్దుకోవడానికి వెళ్ళిన వాళ్ళు సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరుకి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అది గర్వించాల్సిన సంగతే. కానీ దాంతోపాటే మన మనసుల్లో ఒక లెక్క నాటుకుపోయింది, లివరు జబ్బంటే తాగేవాళ్ళ జబ్బని. ఆ లెక్కే ఇప్పుడు మనల్ని దెబ్బ తీస్తోంది.

మా కావలి వీధిలో ఒకావిడుంది. యాభై దాటాయి, పన్నెండేళ్ళుగా షుగరు. కడుపునొప్పని స్కానింగు తీయిస్తే 'ఫ్యాటీ లివర్' అని రాసిచ్చారు. ఆ కాగితం తీసుకెళ్ళి బీరువాలో చీరల అడుగున దాచేసింది. "నలుగురూ చూస్తే నేను తాగుతాననుకోరూ!" అంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. షుగరు, నడుం చుట్టూ కొవ్వు ఉన్నవాళ్ళకి చుక్క ముట్టకుండానే కాలేయానికి కొవ్వు పడుతుంది. కేంద్ర ప్రభుత్వమే 2021లో దీన్ని షుగరు, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

కొవ్వు పట్టిన వాళ్ళందరికీ ముప్పు లేదు. కొందరిలో మాత్రం కాలేయం వాచి, మాని, మళ్ళీ వాచి, మచ్చ కట్టి గట్టిపడుతుంది. ఫైబ్రోసిస్ అంటారు దీన్ని. నాలుగో మెట్టు సిర్రోసిస్. కాబట్టి మనం అడగాల్సింది కొవ్వుందా అని కాదు, మచ్చ ఎంత కట్టింది అని. మామూలు పొట్ట స్కానింగు మొదటి మెట్లలో ఆ సంగతి చెప్పలేదు.

చాలాకాలం దీనికి బయాప్సీ ఒకటే దారి. పక్కటెముకల మధ్య సూది దించి దారప్పోగంత ముక్క తీస్తారు. కొన్ని గంటలు మంచం మీద ఉంచుతారు. అరుదుగానైనా లోపల రక్తం కారే భయముంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెబుతాం మనం. కానీ కాలేయం ఎసట్లో అన్నం కాదు. ఆ ముక్క మొత్తం కాలేయంలో యాభైవేలలో ఒక వంతు. ఒకచోట మచ్చ ముదిరి, పక్కనే తక్కువగా ఉండొచ్చు.

ఫ్రాన్సులో పుట్టి 2003 నించి వాడుకలోకొచ్చిన ఫైబ్రోస్కాన్‌కి సూది అక్కర్లేదు. కుడివైపు పక్కటెముకల మీద చిన్న గొట్టం ఆనించి పదిసార్లు మెల్లగా తడతారు. ఆ అదురు గట్టి కాలేయంలో వేగంగా పోతుంది, మెత్తటి దాంట్లో నెమ్మదిగా. బయాప్సీ ముక్క కంటే కనీసం వంద రెట్ల మేర చూస్తుంది. ఫ్యాటీ లివరు వాళ్ళకి అంకె 8 కిలోపాస్కల్స్ లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం బాగా తక్కువ. అయితే తిని వెళ్ళినా, కామెర్లున్నా, గుండె నీరసించినా అంకె లేనిపోని ఎత్తుకి పోతుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. అంకె ఎక్కువొచ్చిందని ఆ రాత్రే ఏడుస్తూ కూర్చోకండి.

ఇంకా చవకైన దారి ఉంది, మనకెవరూ చెప్పరు గానీ. వయసు, రెండు లివరు ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి డాక్టర్లు ఫిబ్-ఫోర్ అనే లెక్క వేస్తారు. 1.3 లోపుంటే మామూలుగా స్కాను దాకా పోనక్కర్లేదు. అరవై అయిదు దాటినవాళ్ళకి హద్దు 2.

అలాగని బయాప్సీని తీసిపారేయకండి. రక్తపరీక్ష ఒకటి, స్కాను ఇంకోటి చెప్పినప్పుడు, అసలు జబ్బేమిటో తేలనప్పుడు అదే దిక్కు. ఒంట్లో రక్షణ వ్యవస్థే కాలేయం మీద తిరగబడే జబ్బొకటి ఆడవాళ్ళలోనే ఎక్కువ. దాన్ని ఖాయం చేసుకోవాలంటే చాలాసార్లు ముక్క చూడాల్సిందే. సూదికి జడిసి వద్దంటే వైద్యమే దారి తప్పుతుంది.

మా వీధి ఆవిడ చేత చీరల అడుగునించి కాగితం తీయించాను. లెక్క వేయిస్తే 1.3 దాటింది. డాక్టరుగారు ఫైబ్రోస్కాన్‌కి చీటీ రాసి, పొద్దున్నే పరగడుపున వెళ్ళమన్నారు. "ఆ పూట ఇంట్లో టిఫిను ఎవరు చేస్తారు?" అంటోందావిడ, ఇప్పటికి రెండు వారాల నించీ.