కళ్ళు మూసుకుంటే దెయ్యందే గెలుపు!

హాల్లో దెయ్యం సినిమా చూసేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. భయమేస్తే కళ్ళు మూసుకోవచ్చు. 1992లో రామ్‌గోపాల్‌ వర్మ 'రాత్రి' తీస్తే, పాపం రేవతికి మనం అలాగే తోడున్నాం! మనం చూసినా చూడకపోయినా రీలు మాత్రం నడిచింది.

వీడియో గేముల్లో ఆ పప్పులుడకవు. తలుపు మనమే తియ్యాలి. చీకట్లో అడుగు మనమే వెయ్యాలి. నా ఓటు మూడింటికి.

'రెసిడెంట్ ఈవిల్' (1996)లో ఆట ఆడినంతవరకూ దాచుకోవాలంటే టైప్‌రైటరూ, రిబ్బనూ ఉండాలి. రిబ్బన్లేమో లెక్కకే దొరుకుతాయి. లేచొచ్చే శవాల కన్నా రిబ్బను అయిపోతుందన్న బెంగే ఎక్కువ!

'సైలెంట్ హిల్' (1999)లో ఊరంతా పొగమంచు. దూరపు వీధులు చూపించే సత్తా ఆనాటి ప్లేస్టేషన్‌కి లేదు. ఆ లోటు కప్పడానికి పరిచిన మంచే భయానికి ప్రాణమైంది. రేడియో గరగరమంటే దగ్గర్లో ఏదో ఉన్నట్టు. ఏమిటో కనపడి చావదు!

'ఆమ్నీషియా' (2010)లో చేతికి ఆయుధమే ఇవ్వరు. రాక్షసి వంక చూస్తే మతి చెడుతుంది. చీకట్లో నక్కినా చెడుతుంది.

మా దామరచర్ల పక్కన వాడపల్లి నరసింహస్వామి గుళ్ళో రెండు దీపాలుంటాయి. కిందిది నిశ్చలం. స్వామి ముక్కు దగ్గరది ఊపిరి తగిలినట్టు రెపరెపలాడుతుందంటారు. అది భక్తి, ఇది భయం. రెండింటికీ పోలిక పెట్టను. కానీ ఒళ్ళు జలదరించడానికి ఆ కాస్త కదలిక చాలు కదా!

బకెట్ల కొద్దీ నెత్తురు గుమ్మరించే మన దర్శకులు ఒక్క రాత్రి ఈ ఆటలు ఆడి చూస్తే బావుణ్ణు. ఏమంటారు?