వైభవం పోయింది... తీర్పు మిగిలింది!

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే బస్సెక్కితే దారిలో చేబ్రోలు వస్తుంది. అక్కడ కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం. రెండూ కట్టించింది ఒక్కరే... రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. దేవుళ్లకు ఆయన కట్టించినవి రెండొందల ఏళ్లుగా నిలిచాయి. తన వంశం కోసం కట్టుకున్న ఇంటి కథే వేరు!

వాసిరెడ్డి వారి పాత నివాసం కృష్ణ ఒడ్డున చింతపల్లి. కుంపిణీ వాళ్లతో పొసగక 1790ల్లో ఆయన అమరేశ్వరుడి చెంతకు మకాం మార్చారు. కొత్త ఊరు, కొత్త కోట. మరి ఇటుక, రాయి కావాలి కదా! పక్కనే ఉన్న దీపాలదిన్నెను తవ్వితే బొమ్మలు చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. కబురు తెలిసి 1797లో మెకంజీ వచ్చి చూశాడు. అదే అమరావతి మహాస్తూపం! అప్పటికే ఎన్నో పలకలు కట్టడాల్లో కలిసిపోయాయి.

అంతటి రాజుకూ సంతానం లేదు. 1798లో జగన్నాథబాబును, 1807లో రామనాథబాబును దత్తత తీసుకున్నారు. 1816లో ఆయన కన్నుమూయగానే దాయాదుల పోరు మొదలైంది. జగన్నాథబాబు పోయాక ఆయన భార్యలు అచ్చమ్మ, రంగమ్మ కూడా వ్యాజ్యంలో ఉన్నారు. తగవు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పొచ్చింది. ఆ తర్వాత హిందూ న్యాయశాస్త్రంలో అదో ప్రమాణమైంది.

కానీ గెలిచినవారికి దక్కిందేమిటి? 1832-33 డొక్కల కరువు పల్లెలను ఊడ్చేసింది. శిస్తు బకాయిలు కొండలా పేరుకున్నాయి. 1840ల్లో జమీ సర్కారు పరమైంది. రేపల్లె జమీదీ అదే దారి.

ఆ రోజుల్లోనే అమెరికాలో థామస్ జెఫర్సన్ కొండ మీద మాంటిచెల్లో అనే భవంతి కట్టుకున్నాడు. ఆయనా 1826లో అప్పులు మిగిల్చి పోయాడు. వారసులు ఇల్లు అమ్ముకున్నారు. 1834లో దాన్ని కొన్న యురియా లెవీ అనే నౌకాదళ అధికారి బాగుచేయించి నిలబెట్టాడు. ఇప్పుడది ప్రపంచ వారసత్వ కట్టడం.

మన అమరావతికి అలాంటి ఆసామి దొరకలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వ్యాజ్యమూ లండన్‌కే, రాళ్లూ లండన్‌కే!

పంచుకోలేక పోట్లాడుకున్న ఆస్తి ఎవరికీ దక్కలేదు. పదిమందికీ ఇచ్చిన గుళ్లలో మాత్రం రోజూ దీపం వెలుగుతోంది.