ఎవరి రక్తము? ఎవరి రోగము?

బీమా మాట ఎత్తితే మన ఇండ్లలో పెద్దవారు ఇప్పటికీ "అపశకునపు మాటలెందుకు" అని కసురుకుంటారు. అయినా ఈ సీమకు బీమా కొత్తది కాదు. మైసూరు ప్రభుత్వము తన ఉద్యోగులకు 1891లోనే జీవిత బీమా ఏర్పాటు చేసినది. బందరులో పట్టాభి సీతారామయ్యగారు 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టినారు. 1956లో దేశములోని జీవిత బీమా కంపెనీలను ప్రభుత్వము తీసుకొని ఎల్.ఐ.సి.ని స్థాపించినది. ఇప్పుడు మళ్ళీ ప్రైవేటు కంపెనీలూ ఉన్నవి. ఇంత చరిత్ర ఉన్నా బీమా కాగితమును చదివి సంతకము పెట్టేవారు మనలో తక్కువ. మేమూ చదివినవారము కాము. కష్టము ఇంటి గడప తొక్కినప్పుడు చదివినాము. ఆ సంగతే ఈ నెల చెప్పదలచినాము.

మా బావమరిది చింతామణి దగ్గర పట్టుపురుగులు పెంచుతాడు. వయస్సు 38. ఇద్దరు చిన్నపిల్లలు. పురుగుల షెడ్డుకు అప్పు చేసినాడు. "నాకేమైనా అయితే ఈ అప్పు పిల్లల నెత్తిన పడకూడదు బావా" అని 25 లక్షల బీమాకు దరఖాస్తు పెట్టినాడు. కంపెనీ తరపున ఒక మనిషి తెల్లవారుతూనే ఇంటికి వచ్చి రక్తము తీసుకొని పోయినాడు. మూడు వారములకు ఉత్తరము వచ్చినది: వైద్య కారణములచేత మీ దరఖాస్తును అంగీకరింపజాలము. అంతే. ఏ కారణమో లేదు. ఫోనులో అడిగితే "షుగరు చాల ఎక్కువ" అన్నారట.

ఆ ఒక్క మాట ఇంటిని తలక్రిందులు చేసినది. మా అత్తగారు కొడుకు కాఫీలో చక్కెర మానిపించి, తాను కూడా మానుకున్నారు. వాని భార్య ఏడుస్తూ మాకు ఫోను చేసినది. "అన్నా, ఆయన సంగటి ముట్టడము లేదు. రోగము ముందే ఉన్నా నా దగ్గర దాచినారేమో అని నేను ఒక మాట అంటిని. అప్పటినుంచి నాతో మాట లేదు. మీరే వచ్చి చూడండి."

ఆదివారము పోయినాము. మేము ఆఫీసులో గుమాస్తా పని చేసేవారము. వైద్యము తెలియదు గాని కాగితము చూడడము తెలుసు. పరీక్ష రిపోర్టు నకలు కావలెనని కంపెనీకి వ్రాయించినాము. వారము రోజులకు వచ్చినది. పరగడుపు చక్కెర 243. మూడు నెలల సరాసరి చూపే హెచ్.బి.ఎ.1.సి. 9.8 శాతము. పరగడుపున 126, సరాసరి 6.5 శాతము, అంతకు మించితే మధుమేహమని వైద్యుల లెక్క. అంకెలు విని మా వాడు అరుగు మీద కూలబడినాడు. మేము అంకెల జోలికి పోక పైనున్న పేరూ ఊరూ చూసినాము. అది మా వృత్తి అలవాటు. పేరు వానిదే. వయస్సు మాత్రము 61 అని ఉన్నది!

మన సీమలో ఏ ఊరు చూసినా నలుగురు వెంకటరమణప్పలు, ముగ్గురు నారాయణస్వాములు ఉంటారు. మా వాని పేరూ అటువంటిదే. రక్త పరీక్షలలో తప్పులు ఎక్కువగా యంత్రములో జరగవు. రక్తము యంత్రమును చేరకముందే, చీటీ అంటించడములో, పేరు ఎక్కించడములో, ఆలస్యము చేయడములో జరుగుతవి.

మరునాడే గుర్తింపు కార్డు చూపించి, ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు ఉన్న వేరొక ల్యాబులో పరీక్ష చేయించినాము. పరగడుపు 91, సరాసరి 5.4. ఆ రాత్రి వాడు రెండు ముద్దలు తిన్నాడట.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి మేము మూడు పేజీల ఉత్తరము వ్రాసినాము. "మా నిర్ణయము మారదు" అని జవాబు. తప్పు మాది కూడా ఉన్నది. అసలు సంగతిని మూడవ పేజీలో పెట్టినాము. రెండవ ఉత్తరము ఎనిమిది పంక్తులు. మొదటి పంక్తిలోనే "దరఖాస్తుదారుని వయస్సు 38, మీ రిపోర్టులో 61" అని వ్రాసినాము. పది రోజులలో కంపెనీ తన ఖర్చుతో మళ్ళీ రక్తము తీయించినది. ఇంకొక నెలకు పాలసీ ఇంటికి వచ్చినది.

మా వారికి గ్రహించవలసినవి నాలుగు చెప్పుతాము. రక్తము తీసేటప్పుడు నాళము మీద మీ పేరు, వయస్సు మీ కండ్లముందే అంటించమనండి. చక్కెర పరీక్షకు ఎనిమిది గంటలైనా పరగడుపున ఉండండి. దరఖాస్తు తిరస్కరించితే కారణమును, రిపోర్టు నకలును వ్రాతమూలముగా అడగండి. జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ నెంబరు 155255కు ఫోను చేయవచ్చును. పాలసీ ఇచ్చిన తర్వాత క్లెయిము తిరస్కరించినట్లయితే బెంగుళూరులో బీమా అంబుడ్సుమన్ ఉన్నారు. ముందు కంపెనీకి వ్రాసి ఒక నెల చూడవలెను. తిరస్కరించిన ఏడాదిలోపల పోవలెను. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

ఇంకొక మాట. తర్వాత ఏ కంపెనీకి పోయినా "ఇదివరలో మీ దరఖాస్తు తిరస్కరింపబడినదా?" అనే ప్రశ్న ఉంటుంది. తప్పుడు రిపోర్టు వల్లనే గదా అని "లేదు" అని వ్రాయరాదు. ఉన్నదని వ్రాసి కాగితములు జతచేయండి. 2015లో సవరించిన చట్టము ప్రకారము మూడేండ్లు దాటితే పాలసీని ప్రశ్నించడానికి వీలులేదు. ఆ మూడేండ్లలోపల దాచిన సంగతి బయటపడితే నష్టపోయేది పిల్లలే. కైవారం తాతయ్య తెలుగులోను కన్నడములోను పాడిన సీమ మనది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడము, బీమా కాగితములో ఇంగ్లీషు. అర్థము కాకపోతే ఏజెంటుచేత చదివించుకొని, ప్రతి జవాబు విని సంతకము పెట్టండి. అందులో సిగ్గు లేదు.

ఇక్కడితో కథ ముగిసినదని మా వారందరు సంతోషించినారు. మాకు మాత్రము ఆ 61 సంవత్సరముల మనిషి జ్ఞాపకము వస్తూనే ఉన్నాడు. 243 ఆయనదే అయితే, మా వాని 91 ఆయన చేతికి పోయి ఉండవలెను. రోగము లేదన్న కాగితము పెట్టెలో భద్రముగా దాచుకొని, పండుగకు ఒబ్బట్లు తింటున్నాడేమో! ల్యాబువారికి ఈ సంగతి విడిగా వ్రాసినాము. "సరిచేసినాము" అని ఒక్క పంక్తి జవాబు వచ్చినది. రిపోర్టు సరిచేసినారా, ఆ మనిషికి తెలిపినారా అని మళ్ళీ వ్రాసినాము. ఇంకా జవాబు లేదు. ఈ నెల మూడవ ఉత్తరము వేయబోతున్నాము. ఒక అంకె తప్పు పడితే ఎన్ని ఇండ్లు కలత పడునో గుమాస్తాలమైన మాకు తెలియకపోతే మరి ఎవరికి తెలియవలెను?