పారిస్ బల్బు, పల్నాడు ఎండ

కుందేళ్ల ఫారం పెడతామని నా దగ్గరికొచ్చే కుర్రాళ్లంతా దాదాపు ఒకటే మాట పట్టుకొస్తున్నారు. రోజుకు 16 గంటలు వెలుతురు ఇస్తే ఏడాది పొడవునా పిల్లలేనట. పశువైద్యుడిగా రిటైరై నరసరావుపేటలో ఉంటున్నాను కనుక, "లైట్లు ఎన్ని పెట్టమంటారు డాక్టరుగారూ?" అని అడుగుతారు. ఫ్యాన్ల ఊసు ఎవరూ ఎత్తరు.

16 గంటల లెక్కలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అది యూరప్ లెక్క. మనం పెంచే కుందేలు పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ (మన చేలల్లో దూకే చెవులపిల్లి వేరే జాతి). రాత్రి పెరిగేకొద్దీ దాని మెదడులో మెలటోనిన్ ఎక్కువసేపు ఊరుతుంది, సంతానోత్పత్తి హార్మోన్లు నెమ్మదిస్తాయి. అందుకే అక్కడి ఫారాల్లో 8 గంటల వెలుతురును, గర్భధారణ చేయించడానికి వారం ముందు, ఒక్కసారిగా 16 గంటలకు పెంచుతారు.

ఆడ కుందేలు చనుమొనల వాసన కూడా పగటి నిడివిని బట్టే మారుతుంది. తల్లి రోజుకు ఒక్కసారి, అదీ మూడు నాలుగు నిమిషాలే పాలిస్తుంది. కళ్లు తెరవని పిల్లలు ఆ కాస్త వ్యవధిలో చనుమొనను వాసనతోనే వెతుక్కోవాలి. ఆ వాసన ఘాటు ఎంతో తేల్చడానికి రాబిన్ హడ్సన్, హాన్స్ డిస్టెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లలనే ఆడ కుందేళ్ల పొట్టమీద వదిలి చూశారు. పగలు పొడుగ్గా ఉన్నప్పుడు వాసన ఎక్కువని 1990లో రాశారు. యంత్రం కంటే పిల్ల ముక్కును నమ్మడం నాకు భలే నచ్చింది.

ఇక మన సంగతి. పారిస్‌లో పగలు జూన్‌లో 16 గంటలు, డిసెంబరులో 8 గంటలు. హైదరాబాద్‌లో 13, 11. రెండు గంటల తేడాకు మన కుందేలు మరీ అంత డీలాపడదు. దాన్ని పడగొట్టేది మే నెల. వేడి 30 డిగ్రీలు దాటి అలాగే కొనసాగితే మగవాటి వీర్యం దెబ్బతింటుంది, కోలుకోవడానికి వారాలు పడుతుంది. రేకుల షెడ్డులో బల్బులు వెలిగించి పిల్లలు పుట్టలేదంటే తప్పు కుందేలుది కాదు.

ఇంకో మాట. కుందేలు గడ్డాన్ని గూటికీ మేతగిన్నెకూ రుద్దుతుంటే దురద అనుకుని మందు అడుగుతారు. గడ్డం కింది గ్రంథుల వాసనతో అది వేసుకునే గుర్తు. ఎదలో ఉన్న ఆడది మరీ ఎక్కువగా రుద్దుతుంది, చూడి కట్టాక తగ్గిస్తుంది. రోజూ కాసేపు గూటి ముందు నిలబడి చూస్తే మగదాని గూట్లోకి ఎప్పుడు వదలాలో అదే చెబుతుంది. ఫినాయిల్ కంపు కొట్టే షెడ్డులో ఈ భాష ఎవరికి వినబడుతుంది?

ఫారం పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. టైమరు స్విచ్చి కొనేముందు థర్మామీటరు కొనండి. గూళ్ల ఎత్తులో కట్టి, మే నెల మధ్యాహ్నం రెండింటికి చూడండి. 30 దాటిందా, లైట్లకు పెట్టే డబ్బు పైకప్పు మీద తాటాకులకు పెట్టండి.