తవ్వేది ఒకరు, పూడ్చేది ఇంకొకరు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు 40వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 40 కిలోమీటర్లు. హైవే ఎంత బాగున్నా, నంద్యాల ఊళ్లో ఒక్క వీధి తవ్వి వదిలేస్తే చాలు, మీరు పరీక్ష సెంటర్‌కు గేటు మూసేశాకే చేరతారు.

రోడ్డు పనులు వద్దని ఎవరూ అనట్లేదు. గొడవంతా వరుసతోనే. నీళ్ల పైపు మునిసిపాలిటీది, కేబుల్ టెలికాం కంపెనీది, రోడ్డేమో కొన్నిచోట్ల ఆర్‌అండ్‌బీది. ఒకరి ప్లాన్ ఇంకొకరికి తెలియకపోతే తారు ఆరకముందే మళ్లీ గుంతే.

మందు లేక కాదు. తవ్వే ముందు ఆ నేలలో ఎవరి లైన్లున్నాయో కనుక్కుని వాళ్లకు చెప్పేందుకు కేంద్రం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. హెచ్చరిక బోర్డులు ఎంత ముందు నుంచి పెట్టాలో, వాహనాలను ఎలా మళ్లించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 55లో రాసిపెట్టింది. సివిల్ వాళ్లయితే తప్పక చదవండి. దారి చూపకుండా బారికేడ్ ఒకటి అడ్డంగా పడేస్తే అది ట్రాఫిక్ ప్లాన్ అనిపించుకోదు!

మీ వీధి నెలలుగా అలాగే ఉందా? రోడ్డు ఏ శాఖదో ఆ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'ఎందుకు ఆలస్యం' అని అడిగితే తేలిగ్గా తప్పించుకుంటారు. కాగితాలే అడగండి: కాంట్రాక్టు గడువు, ట్రాఫిక్ మళ్లింపు ప్లాన్, మిగతా శాఖలకు రాసిన లేఖల కాపీలు.