వనభోజనమున వన మెవరికి?

కార్తికమాసము వచ్చినది మొదలు ప్రతి యింటను వనభోజనముల మాటయే వినవచ్చును. ఆ మాటలో వనము ముందు, భోజనము వెనుక. మన విషయమున మాత్ర మది తలక్రిందులైనది. మగవారు చెట్లనీడను పేకాడుకొందురు, పిల్లలు పరుగులెత్తుదురు, స్త్రీలు మూడురాళ్లు పేర్చి, పచ్చికట్టెల పొగకు కన్నులు తుడుచుకొనుచు, ఇంట చేయు వంటనే రెండింతలుగా చేయుదురు. గంగాళములు తోమి ముగించునప్పటికి కొండ చీకటిలో కలిసిపోవును. వనము వారికి, వంట మనకు!

చిత్రకూటమున శ్రీరాముడు సీతాదేవికి ఆ కొండ శిఖరములను, మందాకినీనదిని చూపి వినోదపరచెనని రామాయణము చెప్పుచున్నది. వనవాసమునందే ఆ తల్లి కంతటి విహారము కలిగినప్పుడు, ఏడాది కొకనాటి విహారమున మనకు లేకపోవుట న్యాయమా?

కిందటి కార్తికమున మేము, మా వీధి గృహిణు లెనమండుగురము, కుటుంబములతో అరకులోయకు పోవ నిశ్చయించి, వంటపాత్రలు తేరాదని నియమము పెట్టుకొంటిమి. “పొయ్యి రాజనిదే వనభోజన మేమిటమ్మా?” అని మాతో వచ్చు పెద్దమ్మగా రొకరు ఆక్షేపించిరి. “ఉసిరికచెట్టు నీడను నలుగురము కలిసి తినుటయే గదా ముఖ్యము, పెద్దమ్మగారూ!” అని మనవి చేసితిమి. తెల్లవారుజామున మగవారును చేయి వేయగా పులిహోరయు, దద్ధ్యోజనమును సిద్ధమయ్యెను.

అరకు విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటరుల దూరమున, తూర్పుకనుమలలో సుమారు 900 మీటరుల యెత్తున నున్న చిన్న యూరు. బైలదిల్లా ఇనుపఖనిజమును రేవునకు చేర్చుటకై 1960ల దశాబ్దమున వేసిన రైలుమార్గ మిటనుండియే పోవును. కొండలను తొలిచిన సొరంగములలోనుండి రైలు చీకటికిని, వెలుతురుకును మారుచు ఎక్కుచుండును. అద్దపు పైకప్పుగల పెట్టెను 2017వ సంవత్సరమున ఈ మార్గమున ప్రవేశపెట్టిరి.

కార్తికమున అరకునందు చూడదగినవి వలిసెచేలు. వలిసెలు నూనెగింజలు, నవంబరు, డిసెంబరు నెలలలో ఆ పూవులతో లోయ యంతయు పసుపు పూసినట్లుండును. ఆ సొగసు చూచి చేనిలోనికి దిగి ఛాయాచిత్రములు తీయించుకొనువారు పలువురు. త్రొక్కిన ప్రతి మొక్కయు గిరిజన కుటుంబమునకు నష్టమే. అందుచే కొందరు రైతులు లోనికి వచ్చువారినుండి కొద్ది రుసుము పుచ్చుకొనుచున్నారు. మేము గట్టుమీదనే నడిచితిమి. తమ శ్రమను ఎవరును చూడరని వగచు మనము, పరుల శ్రమను కాలరాయుట తగదు గదా.

అరకుకు సమీపముననే చాపరాయి కలదు. పేరునకు తగినట్లు, చాప పరచినట్లున్న బండలపై నీరు పలుచగా జారుచుండును. చూచుట కెంత యింపో, నాచుచేత అంత ప్రమాదము. తడిబండపై పాదము నిలువదు. వానలు పడి ప్రవాహము హెచ్చిననాడు దిగకుండుటయే మేలు. పిల్లల చేయి విడువరాదు. పొయ్యిచెంత నున్న తల్లి కన్ను నీటిచెంత నున్న బిడ్డపై నిలువగలదా? ఇదియొకటియే చాలును, వంటను ఇంటనే ముగించి రావలెననుటకు.

మధ్యాహ్నము భోజనములైన పిదప, పెద్దమ్మగారు కాలిబాట వెంబడి మాతో సమానముగా నడిచిరి. ఒకచోట నిలిచి, “ఇన్ని వనభోజనములకు పోతిని గాని, వనమును చూచుట కిదియే మొదలమ్మా!” అనిరి. ఆమె వయస్సు అరువదియెనిమిది. మా కెవ్వరికిని మాట రాలేదు.

కావున సోదరీమణులారా! ఈ కార్తికమున గంగాళములను ఇంట బోర్లించి బయలుదేరుడు. చలికొక శాలువ, జారని చెప్పులు, మంచినీళ్లు చాలును. విస్తరులు పరచు పని మగపిల్లలకు, ఎంగిలి విస్తరులు ప్రోగుచేసి వెనుకకు తెచ్చు పని పెద్దవారి కప్పగింపుడు. కొండ మీకొరకును ఉన్నది. కాళ్లలో సత్తువ యుండగానే పోయి చూడుడు.