సంతకం ఒకరిది, నొప్పి ఇంకొకరిది

కాన్పు నొప్పి ఆడదానికి రాసిపెట్టి ఉన్నదేననీ, నోరెత్తకుండా ఓర్చుకోవడమే మంచి ఇల్లాలి లక్షణమనీ చెప్పే మాటను ఇకనైనా నిలదీయవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము. ఆ నొప్పి తనంతట తాను రాక, మందులతో తెప్పించినదైతే నిలదీయవలసిన అవసరం మరీ ఎక్కువ. మైలవరం, రెడ్డిగూడెం, ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి తోటల్లో కాయ కోసి బతికే మన కుటుంబాల ఆడబిడ్డలకు ఇది కొత్త సంగతేమీ కాదు. నెలలు నిండినా నొప్పులు రాలేదంటారు, ఉమ్మనీరు తగ్గిందంటారు, బీపీ పెరిగిందంటారు. నొప్పులు తెప్పిస్తామని చెప్పి ఒక కాగితం చేతికిస్తారు. తరచుగా అది ఇంగ్లీషులో ఉంటుంది. సంతకం భర్త పెడతాడు, లేదా అత్తగారు వేలిముద్ర వేస్తుంది. సూది మాత్రం ఆమె చేతికి గుచ్చుతారు.

నొప్పులు తెప్పించడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. 41 వారాలు దాటిన గర్భానికి అది మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతున్నది. బీపీ పెరిగినప్పుడు ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకూ ముప్పు. మా అభ్యంతరమల్లా ఆమెకు చెప్పకుండా చేయడం మీద, నొప్పి పెంచి ఉపశమనం ఊసెత్తకపోవడం మీద.

సహజంగా వచ్చే నొప్పులు మెల్లగా మొదలై, మధ్య మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తూ పెరుగుతాయి. తెప్పించే నొప్పుల తీరు వేరు. ముందు గర్భసంచి ముఖద్వారం మెత్తబడటానికి జెల్ పెడతారు, లేదా మిసోప్రోస్టాల్ మాత్ర ఇస్తారు. ఆపైన ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో కలిపి చుక్కలు చుక్కలుగా ఎక్కిస్తారు. నొప్పులు దగ్గర దగ్గరగా, బలంగా వస్తాయి. చుక్కల వేగం మితిమీరితే బిడ్డకు ప్రాణవాయువు తగ్గవచ్చు. కాబట్టి పక్కన ఒక మనిషి కనిపెట్టుకొని ఉండాలి. మొదటి కాన్పు పెద్దాపరేషన్ అయిన స్త్రీకి మిసోప్రోస్టాల్ ఇవ్వరాదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం ఉన్నది. ఇవన్నీ మందు మొదలుపెట్టకముందే, ఆమెకు తెలిసిన భాషలో, ఆమెకే చెప్పవలసిన మాటలు. నొప్పి నడుమ చెప్పి సరేననిపించుకుంటే దాన్ని అంగీకారమనరు.

ఇది మా కోరిక మాత్రమే కాదు, చట్టం కూడా. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న తీర్పునిచ్చింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న స్త్రీ గర్భసంచిని, ఆమె తల్లి ఒప్పుకున్నదని చెప్పి తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు, తన సంగతి తాను నిర్ణయించుకోగల వయోజనురాలి బదులు తల్లి అనుమతి చెల్లదన్నది న్యాయస్థానం. చేయబోయేది ఏమిటి, వేరే మార్గాలున్నాయా, ముప్పేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి రోగికి చెప్పి తీరాలన్నది. కన్నతల్లి అనుమతే చెల్లనప్పుడు అత్తగారి వేలిముద్ర ఎంత? భర్త సంతకం ఎంత?

ఉపశమన మార్గాలు లేవా అంటే ఉన్నాయి. వెన్నులో సన్నని గొట్టం ద్వారా మందు ఇచ్చే ఎపిడ్యూరల్‌ను, కోరిన ఆరోగ్యవంతురాలికి ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. దానికి మత్తు డాక్టరు కావాలి. బీపీ పడిపోవచ్చు, బిడ్డ బయటికి రావడానికి కొంత ఎక్కువ సమయం పట్టవచ్చు. అవీ చెప్పాలి. మత్తు డాక్టరు లేని చోట నొప్పి తగ్గించే ఇంజెక్షన్లున్నాయి. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సమపాళ్లలో కలిపిన వాయువు ఉన్నది. మాస్కును ఆమే చేత పట్టుకొని పీల్చుకుంటుంది. కాస్త తల తిరగవచ్చు, వికారం కలగవచ్చు. నడవనివ్వడానికి, నడుము మర్దన చేయడానికి, అయినవారిని పక్కన ఉండనివ్వడానికి ఖర్చే లేదు. ప్రసవ సమయంలో ఆడతోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. 2017లో వచ్చిన లక్ష్య పథకం కాన్పు గదిలో మర్యాద, మరుగు ఉండాలన్నది. పరదా పాటించే మన ఆడవారికి ఆ మరుగు ఎంత అవసరమో వేరే చెప్పాలా! దానికి బదులు దొరికేది చాలాచోట్ల ఒక్కటే: "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా?" అన్న ఎత్తిపొడుపు.

ఫలితం చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు పెద్దాపరేషన్లే; ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 63. కారణాలు అనేకం, డబ్బు వాటిలో ఒకటి. నొప్పి భరించలేక "కోసేయండి" అని వేడుకునే తల్లి కూడా ఆ లెక్కలో ఉన్నది. ఉపశమనం చూపకుండా ఆపరేషన్ ఒక్కటే చూపించి, తనే అడిగిందనడం న్యాయమా?

ఇక మన ఇళ్ల సంగతి. ఓర్చుకుంటే పుణ్యమని, సబ్ర్ చేయమని మనమే చెబుతాము. కష్టంలో సహనానికి ప్రతిఫలం ఉన్నది, నిజమే. కానీ మందు అందుబాటులో ఉండగా వద్దనమని ధర్మం చెప్పలేదు. దివ్య ఖుర్‌ఆన్‌లో హజ్రత్ మర్యమ్ పురిటినొప్పులతో ఖర్జూరపు చెట్టు మొదట చేరి, ఇంతకుముందే చనిపోయి ఉంటే బాగుండునన్నది. ఆమెను ఎవరూ మందలించలేదు. దుఃఖించవద్దన్నారు, కాళ్ల దగ్గర నీటి ఊట చూపారు, పండు తినమన్నారు. నొప్పిలో ఉన్న తల్లికి అందినది ఓదార్పు, ఆహారం, నీరు. మన కాన్పు గదిలో వీటిలో ఏది ఇస్తున్నాము?

పేదవారికి ఇవన్నీ విలాసాలనే వారికి ఒక మాట. శస్త్రచికిత్సలో క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో విచారణ సంఘాలు కూర్చున్నాయి, నిజాం ప్రభుత్వ ఆదరణతో. వాటి తీర్పు తరువాతి పరిశోధనలకు నిలవలేదు, అది వేరే సంగతి. రోగి నొప్పిని ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయంగా ఈ నేల మీద అప్పుడే గుర్తించారు.

కాబట్టి మా కోరికలు ఇవి. నొప్పులు తెప్పించే ముందు ఇచ్చే కాగితం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి; 2022లో ఉర్దూను రాష్ట్ర రెండో అధికార భాషగా చేసుకున్నాము కదా. దాన్ని చదివి వినిపించి ఆమె చేతనే సంతకం పెట్టించాలి. ఆ ఆసుపత్రిలో ఏ ఉపశమనం ఉన్నదో, ఏది లేదో కాన్పు గది బయట గోడమీద రాయాలి. లేనిచోట ఎపిడ్యూరల్ కోరే తల్లిని నొప్పులు మొదలుకాకముందే విజయవాడకు పంపే ఏర్పాటు ఉండాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో సభ్యులైన మన పెద్దలు వచ్చే సమావేశంలో ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగాలి. ఇంట్లో నెలలు నిండిన కోడలు ఉన్నవారు అప్పటిదాకా ఆగనక్కర లేదు, తదుపరి పరీక్షకు వెళ్లిన రోజునే డాక్టరుగారిని అడగవచ్చు, కోడలి ఎదుటనే.